పొట్లం మీది మనిషి

మ్యాగీ అంటే ఏమిటో మన కాలేజీలో ఎవరికీ చెప్పే పని లేదు. మ్యాగీ ఎవరు అని అడిగితే మాత్రం చాలామంది నవ్వుతారు. నేను అడిగి చూశాను. కంపెనీ పేరు అన్నారు కొందరు. ఏదో చైనా మాట అయి ఉంటుంది అన్నారు ఇంకొందరు. నిజానికి అది ఒక మనిషి ఇంటిపేరు. జూలియస్ మ్యాగీ అనే ఆయన స్విట్జర్లాండులో 1846లో పుట్టి 1912లో పోయాడు. ఆయన బతికున్న కాలంలో నూడుల్స్ ప్యాకెట్ అనేదే లోకంలో లేదు. తన పేరు హోసూరు బస్టాండు దగ్గరి చిల్లర అంగట్లో పసుపు కాగితం మీద వేలాడుతుందని ఆయన కలలో కూడా అనుకొని ఉండడు.

గోడపత్రికకు ఒక మహనీయుని జీవితం రాయాలన్నప్పుడు నేను ఈయన్ని ఎందుకు ఎంచుకున్నానంటే, మన ఆడవాళ్ల వంటకీ ఫ్యాక్టరీ పనికీ మధ్య ఉండే ఇరుకు ఆయన జీవితంలో నాకు కనిపించింది. ఆయన కథ మొదలయ్యేది నూడుల్స్‌తో కాదు. మిల్లు పనికి పోయి వచ్చి వంట చేసే ఓపిక లేని ఆడవాళ్లతో మొదలవుతుంది.

జూలియస్ పుట్టింది 1846 అక్టోబరు 9న, ఫ్రావెన్‌ఫెల్డ్ అనే ఊళ్లో. తండ్రి ఇటలీ వైపు లొంబార్డీ నుంచి వలస వచ్చినవాడు, పిండిమరల యజమాని. తల్లి జూరిచ్ వైపు మనిషి. తండ్రి పుట్టిన చోటి భాష ఒకటి, బతికే ఊరి భాష ఇంకొకటి. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, సంతలో కన్నడం మాట్లాడే మనకు ఇది కొత్త సంగతి కాదు. పిల్లవాడికి బడి చదువు నిలకడగా సాగలేదు. వ్యాపారం నేర్చుకోమని పెట్టిన చోట కూడా మధ్యలోనే వదిలేశాడు. ఆ తర్వాత బుడాపెస్టులో ఒక పెద్ద ఆవిరి పిండిమరలో పనిచేశాడు. అక్కడే ఆయనకు పని మీద మనసు నిలిచింది. 1869లో, ఇరవై మూడేళ్ల వయసులో, జూరిచ్ దగ్గర కెంప్ట్‌తాల్ అనే పల్లెలో ఉన్న తండ్రి మరను తన చేతికి తీసుకున్నాడు.

మర చేతికి వచ్చింది గానీ కాలం మారిపోయింది. రైళ్లు వచ్చి దూరదేశాల గోధుమ చవగ్గా దిగుతా ఉండింది. పెద్ద పెద్ద కొత్త మరల ముందు ఏటి ఒడ్డున నీటితో తిరిగే చిన్న మరలు నిలవలేకపోయాయి. ఊళ్లో రైస్‌మిల్లు వచ్చాక దంపుడు పని ఎట్లా పోయిందో మన అవ్వలు చెప్తారు కదా, అట్లాంటిదే. గోధుమపిండి ఒక్కటే నమ్ముకుంటే మర మూతపడుతుందని ఆయనకు తెలిసింది. పిండి కాకుండా ఇంకేం విసరాలి అని వెతుకుతున్న సమయంలోనే ఆయనకు ఒక డాక్టరు ఆలోచన దొరికింది.

ఆ డాక్టరు పేరు ఫ్రిడొలిన్ షూలర్. గ్లారుస్ అనే కొండ ప్రాంతంలో వైద్యం చేసినవాడు, తర్వాత స్విట్జర్లాండు ప్రభుత్వం తరఫున ఫ్యాక్టరీల తనిఖీ అధికారి అయినవాడు. ఆ రోజుల్లో అక్కడి బట్టల మిల్లుల్లో ఆడవాళ్లు వేలమంది. 1877లో వచ్చిన ఫ్యాక్టరీ చట్టం పనిదినాన్ని 11 గంటలకు తగ్గించింది. తగ్గించాక 11 గంటలు అన్నమాట! ఆడవాళ్లకు రాత్రి పనిని, ఆదివారం పనిని ఆ చట్టం నిషేధించింది. అందులోనే ఇంకొక నియమం ఉంది, నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఆలోచింపజేసింది అదే. ఇల్లు చూసుకోవాల్సిన ఆడవాళ్లను మధ్యాహ్నం విరామానికి అరగంట ముందే ఇంటికి పంపాలి, ఆ విరామం గంటన్నర కన్నా తక్కువైతే. ఎందుకంటే వాళ్లు పోయి పొయ్యి ముట్టించాలి, వండాలి, మొగుడికీ పిల్లలకీ పెట్టాలి, తాము తిన్నారో లేదో గానీ మళ్లీ మిల్లుకు పరుగెత్తాలి.

ఆ అరగంటలో ఏం వండగలరు? కాఫీ కాచుకునేవారు, అందులో రొట్టె ముంచుకునేవారు, ఉర్లగడ్డలు ఉడికించుకునేవారు. కొన్ని ఇళ్లల్లో దాని మీద సారాయి. పిల్లలు బక్కగా, తల్లులు రక్తం లేకుండా ఉండేవారు. షూలర్ ఇదంతా ఫ్యాక్టరీ ఫ్యాక్టరీ తిరిగి చూసినవాడు. మాంసం కొనే స్తోమత లేనివాళ్లకు అంత బలమూ ఇచ్చేది పప్పుధాన్యాలే అని ఆయన ఆలోచన. బటానీలు, చిక్కుళ్లు, మసూరు లాంటివి. కానీ పప్పు ఉడకాలంటే గంటలు పడుతుంది. కట్టెలు ఖర్చు. 1882లో ఆయన స్విస్ ప్రజాసంక్షేమ సంఘంలో కార్మికుల తిండి గురించి మాట్లాడి, బిన్నా ఉడికే పప్పుపిండి ఎవరైనా తయారుచేస్తే బాగుంటుందన్న ఆలోచన ముందుపెట్టాడు.

జూలియస్ మ్యాగీ దాన్ని అందుకున్నాడు. పప్పుధాన్యాలను ఎట్లా సిద్ధం చేసి విసిరితే బిన్నా ఉడుకుతాయి, ఎట్లా చేస్తే సులభంగా అరుగుతాయి అని ఏళ్ల తరబడి ప్రయోగాలు చేశాడు. 1884లో పప్పుపిండిని జనం ముందు పెట్టాడు. నీళ్లలో కలిపి కొంచెంసేపు కాస్తే చాలు, చిక్కటి సూపు. ధర తక్కువ, బలం ఎక్కువ. సంక్షేమ సంఘం మెచ్చుకుంది. అంతా బాగుంది, ఒక్కటి తప్ప. ఎవరి కోసం చేశారో ఆ కార్మికులు దాన్ని అనుకున్నంతగా కొనలేదు.

ఎందుకు కొనలేదో ఊహించడం కష్టం కాదు. వట్టి ఉలవపిండి నీళ్లలో కాచి, తాలింపు లేకుండా, చింతపండు లేకుండా రోజూ పోస్తే మనం తాగుతామా? బీదవాళ్లకు బలం చాలు, రుచి ఎందుకు అని పైనున్నవాళ్లు అనుకుంటారు. బీదవాళ్లు అట్లా అనుకోరు. పదకొండు గంటలు నిలబడి పనిచేసి వచ్చిన మనిషికి నాలుకకు కూడా ఏదో ఒకటి తగలాలి.

మ్యాగీ ఈ సంగతి తొందరగా గ్రహించాడు. 1886లో పొడిగా అమ్మే తయారు సూపులు తెచ్చాడు. వాటితోపాటే ఒక నల్లటి ద్రవం తెచ్చాడు. నాలుగు చుక్కలు వేస్తే మాంసం వేయని సూపుకు కూడా మాంసం పులుసు రుచి వస్తుంది. ఆయన్ని పెద్దవాణ్ణి చేసింది ఈ చుక్కలే. దాని తయారీ కూడా పప్పుపిండి లాగానే ధాన్యం లోపలి మాంసకృత్తుల పనే. గోధుమ లాంటి వాటిలోని మాంసకృత్తులను ఆమ్లంతో కాచి చిన్న చిన్న ముక్కలుగా విడగొడతారు. తర్వాత సోడాతో ఆ ఆమ్లాన్ని విరిచేస్తే ఉప్పు మిగులుతుంది. విడిపోయిన ముక్కల్లో గ్లుటామిక్ ఆమ్లం ఒకటి. రుచి దానిదే.

చైనావాళ్ల సోయా సాస్ కథ కూడా ఇదే. సోయా చిక్కుళ్లనూ గోధుమనూ బూజు పట్టించి, ఉప్పునీళ్లలో నెలల తరబడి నానబెడితే అవే మాంసకృత్తులు విడిపోయి అదే రుచి వస్తుంది. చైనాలో వందల ఏళ్లుగా జాడీలో మెల్లగా జరిగేదాన్ని మ్యాగీ ఫ్యాక్టరీలో ఆమ్లంతో బిన్నా జరిపించాడు. 1908లో జపానులో కికునాయె ఇకెదా అనే రసాయన శాస్త్రవేత్త సముద్రపు నాచులోంచి ఈ రుచినే వేరు చేసి దానికి ఉమామి అని పేరు పెట్టాడు. మనం అజినమోటో అనే పొడి ఆయన పరిశోధన నుంచి వచ్చిందే. అందుకే తూర్పు దేశాల్లో మ్యాగీ సీసా పరాయిదిగా ఉండిపోలేదు. చైనావాళ్ల వంటిళ్లలో కూడా సోయా సాస్ పక్కన చేరింది. తోపుడు బండి దగ్గర నూడుల్స్ తింటే ఇంకొక ముద్ద కావాలనిపించే ఆ గోధుమరంగు రుచికీ, స్విట్జర్లాండు మిల్లు ఆడవాళ్ల సూపులో పడిన చుక్కకీ తల్లి ఒకటే.

రుచి దొరికాక దాన్ని చాటడం కూడా ఆయనకు బాగా తెలుసు. తన కంపెనీలో ప్రచారానికే ఒక విభాగం పెట్టాడు. తర్వాత జర్మన్ నాటకరంగంలో పెద్దపేరు తెచ్చుకున్న ఫ్రాంక్ వెడెకిండ్ కుర్రతనంలో అక్కడ కూర్చొని సూపుల మీద ప్రకటనలు రాసినవాడే. సాహిత్యం చదివే మనకు ఇది కొంచెం ధైర్యం ఇచ్చే సంగతి. గోధుమరంగు సీసా, పసుపూ ఎరుపూ కలిసిన చీటీ అప్పటివే. ఇప్పుడు మన అంగళ్లలో చూసేవి కూడా ఆ రంగులే.

1897లో జర్మనీ సరిహద్దు ఊరు జింగెన్‌లో కంపెనీ పెట్టాడు. 1900 దాటాక పారిస్ చేరి అక్కడ శుభ్రం చేసిన పాలు ఇళ్లకు అందించే పెద్ద వ్యాపారం నడిపాడు. 1908 ప్రాంతంలో రసం ఘనాన్ని, అంటే వేడినీళ్లలో వేస్తే కరిగే చిన్న దిమ్మను తెచ్చాడు. ఫ్రాన్సులో దాని పేరు కూబ్. ఆ ప్రకటనలు వీధి వీధినా ఎంత నిండిపోయాయంటే 1912లో పికాసో వేసిన ఒక చిత్రంలోకి కూడా ఆ అక్షరాలు వచ్చేశాయి.

కార్మికుల విషయంలో ఆయన ఆ కాలానికి మెరుగైన యజమానే. కెంప్ట్‌తాల్‌లో పనివాళ్లకు భోజనశాల, ఇళ్లు, జబ్బు చేస్తే ఆదుకునే నిధి ఏర్పాటు చేశాడు. నన్ను ఇక్కడ ఆపింది ఆ భోజనశాల. అరగంటలో ఇంటికి పరుగెత్తి వండే పని దాంతో కొంతమందికైనా తప్పి ఉంటుంది. పొట్లం చేయలేని పని అది. పొట్లం వంటను చిన్నది చేస్తుంది. భోజనశాల వంట భారాన్నే ఆమె నెత్తి మీద నుంచి దించుతుంది.

1912 అక్టోబరు 19న జూరిచ్ దగ్గర కూస్నాఖ్ట్‌లో ఆయన పోయాడు. వయసు 66. పోయాక కూడా పేరు నెమ్మదిగా లేదు. ఆయన కంపెనీ జర్మనీ మనిషిదని, గూఢచారులదని ఫ్రాన్సులో కొందరు అంతకుముందు నుంచే పుకారు లేపి ఉండారు. 1914 ఆగస్టులో యుద్ధం మొదలవగానే పారిస్‌లో గుంపులు మ్యాగీ పాల అంగళ్ల మీద పడి పగలగొట్టాయి. ఇటలీ తండ్రికి స్విట్జర్లాండులో పుట్టిన మనిషిని జర్మనీ గూఢచారి అన్నారు. పేరు చూసి మనిషిని తేల్చేయడం అప్పుడూ ఉంది.

1947లో మ్యాగీ కంపెనీ నెస్లేలో కలిసింది. 1958లో జపానులో మొమొఫుకు ఆండో అనే ఆయన నూనెలో వేయించి ఆరబెట్టిన నూడుల్స్ కనిపెట్టాడు. వేడినీళ్లు పోస్తే చాలు. ఈ రెండూ కలిసి, 1983లో మన దేశానికి రెండు నిమిషాల నూడుల్స్‌గా మ్యాగీ వచ్చింది. 2015 జూన్‌లో సీసం గురించీ, చీటీ మీద రాసిన మాట గురించీ గొడవై దేశమంతా అమ్మకం ఆగింది. బొంబాయి హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేశాక నవంబరులో మళ్లీ వచ్చింది. ఇది మనకందరికీ గుర్తుండేదే.

ఇప్పుడు ఈ జీవితం నుంచి నాకు తోచింది చెప్తాను. షూలర్, మ్యాగీ కలిసి మొదట కోరుకున్నవి మూడు: బలం, చవక, వేగం. ప్రయాణంలో రుచి వచ్చి చేరింది. చివరకు మన చేతికి వచ్చిన పొట్లంలో వేగం ఉంది, రుచి ఉంది, చవక కూడా ఉంది. ఏ పప్పుతో కథ మొదలైందో ఆ పప్పు మాత్రం లేదు. మైదా ఉంది. ఇది ఒక్కరి తప్పు అని నేను అనడం లేదు. అమ్ముడుపోయింది మిగిలింది, అమ్ముడుపోనిది దారిలో రాలిపోయింది.

ఇది ఎక్కడో నూట నలభై ఏళ్ల కిందటి సంగతి అని కూడా అనుకోలేను. మా చిన్నమ్మ హోసూరులో షిఫ్టు పనికి పోతుంది. సిప్‌కాట్ వచ్చినప్పటి నుంచి మన చుట్టూ ఊళ్ల ఆడవాళ్లు గడియారాలు, బట్టలు, ఇప్పుడు ఫోన్ల భాగాలు చేసే చోట్లకు బస్సులెక్కి పోతానే ఉండారు. బాగలూరు, బేరికె, సూళగిరి, వేపనపల్లి నుంచి వచ్చి గదులు అద్దెకు తీసుకొని ఉండేవాళ్లు మన అక్కలే, రేపు మనమే. రెండో షిఫ్టు ముగించుకొని రాత్రి ఇల్లు చేరాక చిన్నమ్మ చేసేది నూడుల్స్. చిన్నాన్న, పిల్లలు ఆమె వచ్చేదాకా కాచుకొని ఉంటారు. ఆ స్విస్ చట్టం ఆడవాళ్లకు అరగంట ముందే సెలవిచ్చింది, మంచిదే. కానీ పొయ్యి ముట్టించాల్సింది ఆమే అని ఆ చట్టం అడగకుండానే తేల్చేసింది. వంటను రెండు నిమిషాలకు తెచ్చినవాళ్లు కూడా ఆ రెండు నిమిషాలు ఎవరివి అని అడగలేదు. ఈ ప్రశ్న మన ఇళ్లల్లో మనమే అడగాలి. చిన్నాన్నకు నూడుల్స్ చేయడం నేర్పింది నేనే. ఇప్పుడు వారంలో రెండు రాత్రులు ఆయనే చేస్తాడు.

ఆయనకు చెప్పిన పద్ధతినే ఇక్కడ రాస్తాను. దీనికి పొట్లంలోని మసాలాపొడి అక్కర్లేదు. బండి దగ్గర వచ్చే రుచి ఇంట్లోనే వస్తుంది, రాలిపోయిన పప్పు కూడా తిరిగి పళ్లెంలోకి వస్తుంది.

ఇద్దరికి 150 గ్రాముల ఉత్త నూడుల్స్ చాలు. హక్కా నూడుల్స్ అని అమ్ముతారు. హక్కా అనేది కలకత్తాలో స్థిరపడిన చైనావాళ్లలో ఒక జనం పేరు. అనుములు గానీ ఉలవలు గానీ ఒక గుప్పెడు పొద్దున్నే నానబెట్టి, కుక్కర్లో ఉడికించి నీళ్లు వంచేసి పెట్టుకోవాలి. ఆ నీళ్లు పారబోయొద్దు, రేపటి చారుకు పనికొస్తాయి. చలికాలంలో అయితే పితికిన పప్పు వేస్తే ఇంకా బాగుంటుంది.

వెడల్పాటి గిన్నెలో నీళ్లు తెర్లాక ఉప్పు, చెంచా నూనె వేసి నూడుల్స్ వేయాలి. నోట్లో వేస్తే కొంచెం గట్టిగా తగిలేటప్పుడే దించేసి వంచాలి. వెంటనే చల్లనీళ్లు పోసి, నీళ్లంతా కారిపోయాక అర చెంచా నూనె పూసి పళ్లెంలో పరచాలి. పావుగంట ఆరితే ముద్ద కావు. ఈలోపల క్యాబేజీ, క్యారెట్, బీన్స్, క్యాప్సికం సన్నగా, పొడుగ్గా తరుక్కోవాలి. ఇవన్నీ తళి, దేన్కనికోట వైపు తోటల్లో పండేవే, మన సంతలో తాజాగా దొరుకుతాయి.

ఇనుప బాండలి పొగ వచ్చేంత వేడెక్కాలి. రెండు చెంచాల నూనె, తరిగిన వెల్లుల్లి, ఎర్రగడ్డ, తర్వాత గట్టి కూరగాయలు, చివర క్యాబేజీ. మంట తగ్గించొద్దు, మూత పెట్టొద్దు. రెండు మూడు నిమిషాలు, కరకర పోకూడదు. ఇంటి పొయ్యికి బండి పొయ్యి అంత మంట ఉండదు, అందుకే ఒకసారికి ఇద్దరికి సరిపడేంతే వేయాలి. నలుగురికి ఒకేసారి వేస్తే కూరగాయలు నీళ్లు వదిలి ఉడికిపోతాయి, వేగవు. ఉడికిన అనుములు వేసి ఒకసారి తిప్పి, నూడుల్స్ వేసి, ఒకటిన్నర చెంచా సోయా సాస్ బాండలి అంచు మీద పడేలా పోయాలి. అర చెంచా వెనిగర్, మిరియాలపొడి. సాస్‌లో ఉప్పు ఉంటుంది, రుచి చూసి గానీ ఉప్పు వేయొద్దు. రెండు గరిటెలతో పైకి ఎత్తి ఎత్తి కలిపి దించేయడమే. తరగడం, ఆరబెట్టడం కలుపుకుంటే అంతా అరగంట.

ఆ అరగంటను ఇంట్లో అందరూ పంచుకోవచ్చు. ఒకరు తరగొచ్చు, ఒకరు నూడుల్స్ వంచొచ్చు, ఒకరు బాండలి ముందు నిలబడొచ్చు. చిన్నాన్న ఇంకా క్యాబేజీ లావుగానే తరుగుతాడు. చిన్నమ్మ దానికి ఏమీ అనదు, వచ్చి కాళ్లు కడుక్కొని కూర్చొని తింటుంది.